ఎవరూ లేని హాలు

ఇళ్ళ ఫొటోలకి ఆ ఇంటి కోడలు పెట్టింది పేరు. అద్దెకిచ్చే ఇల్లు అగ్గిపెట్టెంత ఉన్నా సరే, ఆమె కెమెరా పట్టిందంటే చూసినవాళ్ళు సామాన్లు సర్దుకుని వచ్చేయాల్సిందే. కిటుకు పెద్దదేం కాదు. ముందుగా ఒక బుట్ట పట్టుకుని ఇల్లంతా తిరిగేది. బ్రష్షులు, మందుసీసాలు, చెప్పులు, తడి తువ్వాళ్ళు, అక్కడ మనుషులు బతుకుతున్నారని చెప్పే ప్రతిదీ బుట్టలో పడేది. ఇంటివాళ్ళు ముఖం చిన్నబుచ్చుకుంటే, ఫొటోలో కనపడాల్సింది మీ ఇల్లు కాదు, వచ్చేవాళ్ళ ఇల్లని నవ్వేసేది. ఆ మాట తనకే ఎంతో ముద్దుగా ఉండేది కూడాను.

పెద్ద అపార్ట్‌మెంట్ల ఫొటోల పని కావాలంటే, ఏదైనా మామూలు ఇంటిని మెరిపించి మధ్యాహ్నంలోగా చూపించమన్నాడు ఇళ్ళు అద్దెకిప్పించే కంపెనీ మేనేజరు. ఆ పని కోసం ఆమె ఎప్పట్నుంచో కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఎవరింటికో పోవడమెందుకని సొంతింట్లోనే మొదలుపెట్టింది. భర్త ఉద్యోగానికి వెళ్ళాడు. బుట్ట నిండింది. హాల్లో కిటికీ పక్కన మామగారు మాత్రం మిగిలారు, కుర్చీతో సహా.

ఒకప్పుడు ఆయన బస్సు డ్రైవరు. ఆ ఇల్లు ఆయన కష్టపడి కొనుక్కున్నదే. మోకాళ్ళు మొరాయించాక ఆ కుర్చీయే లోకమైపోయింది. కాసేపు బాల్కనీలో కూర్చోమని కోడలు అడిగితే మారుమాట లేకుండా లేచారు. కుర్చీ ఆమే లాక్కెళ్ళింది. తీరా చూస్తే తలుపు అద్దంలోంచి ఆయన భుజం కనపడుతోంది. ఇంకాస్త పక్కకి జరగమంది. జరిగారు. గాలికి తలుపు తెరుచుకుని కర్టెన్ ఎగురుతుంటే గడియ పెట్టేసింది.

ఆ తర్వాత పనిలో పడి ఒళ్ళు మరిచిపోయింది. ఫొటోలు తీసింది, వెలుగు సరిచేసింది, పంపింది. మేనేజరు వెంటనే ఫోన్ చేసి తెగ మెచ్చుకున్నాడు, పని ఆమెకే అన్నాడు. హాలు అంత శుభ్రంగా ఉందేమిటి, ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా అని అడిగాడు.

"ఎవరూ ఉండట్లేదండీ" అంది, ఉన్నారంటే ఫొటోకి విలువ తగ్గుతుందేమోనని.

నోట్లోంచి ఆ మాట వచ్చాక గడియ గుర్తొచ్చింది.

పరుగెత్తి తలుపు తీసింది. బాల్కనీ నిండా ఎండ. మామగారు వాషింగ్ మెషీన్ వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చుంటే అద్దంలోంచి ఫొటోలో పడతానేమోనని కూర్చోలేదట. తలుపు తడితే నీ పని చెడుతుందని ఊరుకున్నానన్నారు.

"నేనెక్కడా పడలేదు కదమ్మా?"

"లేదు మామయ్యా" అంది. తల ఎత్తలేకపోయింది. ఆయన విన్నారో లేదో తెలియని మాట ఒకటి ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది. ఎంతమంది ఇళ్ళల్లో ఎవరెవర్ని ఇలా పక్కకి జరగమందో తలుచుకుంటే ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. కుర్చీ కిటికీ పక్కనే వేసి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి స్థిమితపడ్డాక, ఆ కుర్చీలో ఆయన్ని ఒక్క ఫొటో తీద్దామనుకుని కెమెరా పైకెత్తింది.

మామగారు గబగబా కుర్చీ చేతుల మీద బలం వేసి లేవబోయారు.

"ఇంకా ఉందా అమ్మా? ఉండు, తప్పుకుంటాను."