చిటికెన వేలు

కొమురెల్లి బొటనవేలిని చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. గేటు పక్కనున్న హాజరు మిషన్‌లో ఎర్ర లైటు వెలిగింది. నోటితో ఊది, ప్యాంటుకు రుద్ది మరోసారి పెట్టాడు. మళ్లీ ఎర్ర లైటే. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు.

"నీకు వేలే లేదన్నా, ఏం జేస్తం!" అంటూ సూపర్‌వైజర్ గిరిప్రసాద్ రిజిస్టర్ తీసి అతని పేరు రాసుకున్నాడు.

ఇది రోజూ ఉండే తతంగమే. నాచారంలోని ఆ స్టీలు సామాన్ల ఫ్యాక్టరీలో కొమురెల్లి ఏడేళ్లుగా గిన్నెలకు పాలిష్ పడుతున్నాడు. గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి గిన్నెను అదిమి పట్టాలి. అదిమీ అదిమీ గిన్నెలతోపాటు వేళ్లూ నున్నబడ్డాయి. రేషన్ షాపు మిషన్ కూడా అతన్ని ఒప్పుకోదు, భార్య రాణి వెళ్లి బియ్యం తెస్తుంది. అందరూ అయ్యో అంటారు గానీ, కొమురెల్లికి మాత్రం లోపల్లోపల సంతోషం. వేలిముద్రలు పోయాయంటే పాత కొమురెల్లి కూడా పోయినట్టేనని అతని నమ్మకం. నలభై రెండేళ్లు వచ్చినా మనిషికి ఇలాంటి పిచ్చి నమ్మకాలుంటాయి.

ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటే గిన్నెకు తగలదు. పదిహేనేళ్ల వయసులో, ఎత్తుకొచ్చిన రాగి తీగ కట్టతో గోడ దూకి దాన్ని విరగ్గొట్టుకున్నాడు. అది వంకరగా అతుక్కుని, అప్పట్నుంచి పనీపాటా లేకుండా గాల్లోనే ఉంటుంది.

టిఫిన్ డబ్బాను కిటికీలో పెట్టాడు. గిఫ్టు గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్‌తో, పనిలో చేరిన నెలలోనే ఆ డబ్బా మూత మీద 'రాణి – కొమురెల్లి' అని తనే చెక్కుకున్నాడు. పోలీసు కాగితాల్లో తప్ప అతని పేరు ఎక్కడైనా ఎక్కడం అదే మొదలు. పెళ్లికి ముందు రాణి ఒక్కటే మాట అడిగింది. "పాతది నాకెందుకు? ఇంకోపాలి దొంగతనం జేసినవంటే మాత్రం నేనుండ." ఆమె అన్నంత పనీ చేసే మనిషి అనే భయమే ఇన్నేళ్లూ అతన్ని నిలబెట్టింది.

పన్నెండింటికి గిరిప్రసాద్ కంపెనీ స్కూటర్ తాళమిచ్చి, గుడ్డ చక్రాలు తెమ్మని ఉప్పల్ పంపాడు. రింగురోడ్డు దగ్గర మెట్రో పిల్లర్ కింద పోలీసులు బండ్లు ఆపుతున్నారు. కుర్ర ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు.

"ఫికర్ జెయ్యకు మామా, అందరికీ జేస్తున్నం. వేలు పెట్టు."

సెల్‌ఫోనంత మిషన్. కుడి బొటనవేలు దొరకలేదు. ఎడమదీ దొరకలేదు. చూపుడువేళ్లూ అంతే. కొమురెల్లికి నవ్వు రాబోయింది.

"గా చిటికెన వేలు గూడ పెట్టు."

మిషన్ టింగుమంది. తెర మీద ఒత్తు జుట్టుతో ఇరవై నాలుగేళ్ల కొమురెల్లి ప్రత్యక్షమయ్యాడు. కింద నాలుగు కేసులు.

"అన్నీ పాతయే సార్. ఏడేండ్లాయె, మంచిగ పని జేస్కుంటున్న. గావాల్నంటే మా సార్‌ను అడుగున్రి," అని గిరిప్రసాద్ నంబరు తనే ఇచ్చాడు. గర్వంగా ఇచ్చాడు.

ఎస్సై ఫోన్ చేశాడు. "బండి మీదేనా? మనిషి మీ మనిషేనా? పాత బండ్ల దొంగ, జర సూస్కోన్రి." తాళం తిరిగిచ్చి, "మంచిగ బతుకు మామా," అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు.

కొమురెల్లి గుడ్డ చక్రాలు తీసుకుని ఫ్యాక్టరీకి తిరుగుదారి పట్టాడు. ఈ వరస అతనికి కంఠతా వచ్చు. రాగి తీగ కేసులో వేసిన పిల్లల హోం నుంచి వచ్చాక మెకానిక్ షెడ్డులో కుదిరితే, వీధిలో ఎవరిదో స్కూటర్ పోయినందుకు ఓనరు అతన్నే అనుమానించి పనికి వద్దన్నాడు. నెల తర్వాత నిజంగానే స్కూటర్ ఎత్తాడు. జైలు నుంచి వచ్చి లాలాపేట్‌లో మోటార్ వైండింగ్ నేర్చుకుంటే అక్కడా అంతే. ఆ తర్వాత కల్లు డిపోలోనూ అంతే. ప్రతిసారీ ముందు పోయింది పని, తర్వాతే దొంగతనం. కాగితాల్లో మాత్రం దొంగతనాలే మిగిలాయి.

గిరిప్రసాద్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"ముందు తాళం ఇయ్యన్నా."

ఇచ్చాడు.

"ఫోనొచ్చినప్పుడు సేటు పక్కనే ఉన్నడు. నేను మస్తు జెప్పి సూసిన. వద్దన్నడు."

"రాణికేం జెప్పాలె?"

గిరిప్రసాద్ కళ్లు తుడుచుకుని లోపలికెళ్లి, టిఫిన్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు.

నేరుగా ఇంటికి వెళ్లాల్సింది. రాణి తిట్టేది, ఏడ్చేది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆ డబ్బా తెరిచి తినేవాళ్లు. అతను ఏ తప్పూ చేయలేదు, ఆమె వెళ్లిపోయేదీ కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసి కూడా మెయిన్ రోడ్డు పట్టుకుని ఊరికే నడిచాడు.

మందుల షాపు పక్క సందులో ఒక నల్ల బండి హ్యాండిల్ లాక్ వేయకుండా నిలబడి ఉంది. కొమురెల్లి దాన్ని దాటి పది అడుగులు వేసి ఆగాడు. డబ్బు కోసం కాదు, ఆకలికీ కాదు. లోకంలో ఎవరినీ అడక్కుండా అతనికి దొరికే పని ఇదొక్కటే. వెనక్కి వచ్చాడు. రెండు చేతులూ కావలసి వచ్చి డబ్బాను పిట్టగోడ మీద పెట్టాడు. గిన్నెలు పట్టిన ఏడేళ్లలో చేతులు ఏదీ మరిచిపోలేదు. నిమిషంలో బండి స్టార్టయి, సందు దాటి, మల్లాపూర్ వైపు ట్రాఫిక్‌లో కలిసిపోయింది.

మందుల చీటీతో షాపులోంచి బయటికొచ్చిన బండి యజమాని సందు మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు పరుగెత్తాడు. మూడోసారి పిట్టగోడ దగ్గర ఆగాడు. పప్పన్నం నిండుగా ఉన్న స్టీలు డబ్బా, ముఖం కనబడేంత పాలిష్‌తో ఎండలో మెరుస్తోంది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన రెండు పేర్లను ఎవరైనా ఇట్టే చదివేయొచ్చు.