కారణం రాసే గడి

ఆ ఫారం తయారుచేసింది నేనే. అందులో కారణం రాసే గడి పెట్టిందీ నేనే. మా తమ్ముడికి అంత తెలివి లేదు. వాడికి బస్సు నడపడం, కోర్టు మెట్ల మీద కూర్చుని బావురుమనడం, ఈ రెండే వచ్చు. విడాకులైనా బిడ్డ తల్లి దగ్గర సగం రోజులు, తండ్రి దగ్గర సగం రోజులు ఉండేలా చట్టం తేవాలని వాడు పోరాటం మొదలుపెట్టాడు. పేరు వాడిది, చాకిరీ నాది. బట్టలు కుట్టే నా దుకాణం మధ్యాహ్నానికే మూసేసి, రెండేళ్లుగా కాళ్లకు బలపాలు కట్టుకుని ఊరంతా తిరిగాను.

ఫారంలో నాలుగే గడులు, అడుగున సంతకం. మీ పని, బిడ్డ వయసు, నెలలో బిడ్డతో గడిపే రోజులు, అంత తక్కువ ఎందుకిచ్చారో కోర్టు చెప్పిన కారణం. ఆ చివరి గడి చదివితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఒకతను గురక పెడతాడట. ఇంకొకతని ఇంట్లో కిటికీలకు తెరల్లేవట. మా తమ్ముడి కారణానికి మాత్రం నవ్వెవరికీ వచ్చేది కాదు. ‘పనికి పిలుపొస్తే నిద్రపోయే బిడ్డను లోపల పెట్టి తాళం వేసుకుని వెళ్లిపోయే మనిషి.’ వాడి తీర్పులో అక్షరాలా అలాగే ఉంది. ఆ ఒక్క వాక్యంతో వాడి కొడుకు వాడికి పదిహేను రోజులకి రెండు గంటలు మిగిలాడు. ప్రతి సభలో వాడు దాన్ని చదువుతాడు. నేనెప్పుడూ తాళం వెయ్యలేదక్కా అంటాడు. నాకు తెలుసురా అంటాను. ఆ మాట కోర్టుకి చెప్పిన మా మరదలి పేరెత్తితేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ శనివారం గ్రంథాలయం పైఅంతస్తు హాల్లో చివరి విడత ఫారాలు రాయిస్తున్నాం. పన్నెండింటికి శాసనసభ సభ్యురాలొకావిడ వస్తున్నారు. బిల్లు రాసే సంఘానికి పెద్ద ఆవిడే. ఉపన్యాసాలు వద్దన్నారు. ఫారాలు చూస్తాను, బలంగా ఉంటే సోమవారం బిల్లు కదులుతుంది, లేదంటే మళ్లీ ఎప్పటి మాటో అని ముందే తేల్చి చెప్పారు. తమ్ముడు పొద్దున్నుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. నేను బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు పెన్నులు అందిస్తున్నాను.

వరుసలో ఏడో మనిషి మా పాప వాళ్ల నాన్న.

ఆయనది లిఫ్టులు బాగుచేసే పని. ఎంత సబ్బు రుద్దినా గోళ్ల చుట్టూ నలుపు పోదు. ఆ వేళ్లు బల్ల అంచు మీద కనపడగానే తలెత్తకుండానే ఆయనని తెలిసిపోయింది. గొడవకొచ్చాడనుకున్నాను. గొడవైనా బాగుండేది, నాకు చేతనైన పని అది. ఆయన పెన్ను అడిగాడు, ఇచ్చాను. నిలబడే రాసి, కాగితం బోర్లించి నా ముందు పెట్టాడు. "చట్టం మంచిదే. అందుకే వచ్చాను," అన్నాడు. నా జవాబు కోసం చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కాగితం తిప్పి చూశాను. పని, లిఫ్టు మెకానిక్. బిడ్డ వయసు, తొమ్మిది. నెలలో రోజులు, ఒకటి. కారణం గడిలో గుండ్రటి అక్షరాలతో, మా తమ్ముడు సభల్లో చదివే వాక్యమే. ఒక్క మాట తేడా లేదు.

అది మా తమ్ముడి దగ్గర్నుంచి ఎత్తి రాసింది కాదు. వాడి తీర్పుకి ఏడాది ముందు నా విడాకుల పిటిషన్లోంచి తీర్పులోకెక్కిన వాక్యం అది. ఈయనకి ఏ వేళప్పుడైనా పిలుపొస్తుంది, పాప ఒక్కతే ఉండిపోతే ఎలాగండీ అని మాత్రమే నేను లాయరుతో అన్నాను. అలా అంటే నిలబడదమ్మా, తాళం వేసుకుని వెళ్లిపోతాడని రాద్దామా అన్నాడాయన. రాయండి అన్నాను. నిజానికి పిలుపొస్తే పాపను దుప్పటితో సహా భుజాన వేసుకుని వెళ్లేవాడు. దానికీ నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. ఆ రోజు లాయరు గదిలో నాకు తోడుగా పక్క కుర్చీలో కూర్చున్నది మా మరదలు. మరుసటి ఏడు తన వంతు వచ్చినప్పుడు అదే లాయరు దగ్గరికి వెళ్లింది.

ఇన్నాళ్లూ ఇది నాకు తెలియదా అంటే, తెలుసు. నాది అబద్ధమైనా భయం నిజమే కదా అని సర్దిచెప్పుకున్నాను. మరదలు చేసింది మాత్రం దుర్మార్గం అనుకున్నాను. మనిషికి ఇంత సిగ్గులేనితనం ఎక్కణ్నుంచి వస్తుందో నాకు తెలియదు, నాకైతే అడక్కుండానే వచ్చింది.

గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇది బయటపడితే పోరాటం నవ్వులపాలవుతుంది, నా పరువు పోతే పోయింది, వాడి కొడుకు సంగతేమిటి అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫారం మడిచి నా సంచిలో పడేసి జిప్పు లాగాను.

ఆవిడ చెప్పిన టైముకే వచ్చారు. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, ఏ హడావుడీ లేని మనిషి. కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కో ఫారం చదివి ఎడమవైపు దొంతిగా పెడుతున్నారు. తమ్ముడి ఫారం దగ్గర ఆగారు.

"దీన్నే అవతలివాళ్లు పట్టుకుంటారు. ఇలాంటి తండ్రికి సగం రోజులిస్తారా అని సభలో నిలదీస్తారు. ఇది అబద్ధమని రుజువేముంది?"

నేను వెయ్యలేదు మేడమ్ అన్నాడు తమ్ముడు. ఆ మాట అందరూ అంటారు బాబూ అంటూ ఆవిడ వాడి ఫారాన్ని కుడివైపు విడిగా పెట్టేశారు. వాడు నా వైపు చూశాడు. చిన్నప్పట్నుంచీ అంతే, మాట తోచకపోతే నా మొహం చూస్తాడు, నేను అందించాలి.

ఒక్క నిమిషం తల వంచుకుని కూర్చుంటే అయిపోయేది. కానీ పక్కన పెట్టిన ఆ కాగితం మీద వాడి సంతకం నాకు కనపడుతూనే ఉంది. జిప్పు లాగి, మడతపెట్టిన ఫారం తీసి దాని పక్కన పరిచాను.

"ఆ మాట నేను పుట్టించింది," అన్నాను. "నా మొగుడు తాళం వెయ్యలేదు. నా తమ్ముడూ వెయ్యలేదు."

జరిగినదంతా చెప్పాను. తమ్ముడి వైపు చూడకుండా చెప్పాను. ఆవిడ రెండు ఫారాల మీదా చూపుడువేలు పెట్టి మాట మాటా పోల్చి చూసుకున్నారు. ఇదంతా రాసి సంతకం పెడతారా అని అడిగారు. పెడితే కోర్టుకీ వెళ్తుంది, మీ పాప తీర్పు కూడా తిరగదోడతారు, తొందరపడకండి అన్నారు. నాకు నిజంగా భయమేసింది. నెలలో సగం రోజులు పాప లేని ఇల్లు నేను ఎప్పుడూ ఊహించుకోలేదు. దాని తండ్రికి అలాంటి ఇల్లు ఒక్కరోజు తప్ప నెలంతా ఉందని అప్పుడు తట్టింది. రాశాను. సంతకం వంకరపోయింది, అయినా అది నాదే.

ఆవిడ తమ్ముడి ఫారం తీసి ఎడమవైపు దొంతి మీద పెట్టారు. దాని మీద నా కాగితం పెట్టారు.

ఆవిడ వెళ్లాక తమ్ముడు బల్ల మీది పెన్నులన్నీ ఏరి నా ముందు పెట్టాడు.

"నేను తలుపు దగ్గరగా వేస్తే చాలు, తాళం వేసి పోతానేమోనని మావాడు ఏడుస్తాడక్కా. ఆ మాట వాళ్లమ్మ పుట్టించిందనుకున్నాను."

నన్ను రెండు కొట్టినా బాగుండేది. వాడు కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి ఎత్తి గోడవారగా పెట్టాడు. తిరిగొచ్చి, బావకి ఫోన్ చెయ్యి అన్నాడు. ఇప్పుడే, నా ముందే చెయ్యమన్నాడు.

మొదటి మోతకే ఎత్తాడు. "రేపటి నా వంతు సంగతేగా? పాపకి జ్వరమా? పర్లేదులే, వచ్చే నెల చూస్తాను," అన్నాడు.

నేనింకా నోరు కూడా తెరవలేదు. ఆయనకి నేను ఫోన్ చేసేది ఆ ఒక్క ముక్క చెప్పడానికే, చాలాసార్లు పాపకి జ్వరం లేకుండానే.

"పాప బాగానే ఉంది. ఇవాళే వచ్చి తీసుకెళ్లు."

మెల్లిగా, ఎన్నింటికి తెచ్చి దింపాలని అడిగాడు.

"సోమవారం పొద్దున బడి దగ్గర దింపు," అన్నాను.

ఆయన నమ్మలేదు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.