నాలుగో గిటారు మీద గోటిగీతలు

చెక్క అబద్ధమాడదు, మనిషైతే ఆడతాడు, అవసరముంటే ఆడతాడు, లేకపోతే అలవాటు తప్పకుండా ఉండడానికి ఆడతాడు, బీమా సంస్థలో నష్టాల పరిశీలకుడిగా కాలిన గోదాములూ మునిగిన దుకాణాలూ చూసి చూసి ఆయన పోగుచేసుకున్న వేదాంతమంతా ఇంతే, కాలిన దూలాన్ని అడిగితే మంట ఎక్కడ పుట్టిందో చెబుతుంది, దాని యజమానిని అడిగితే కన్నీళ్లు పెట్టుకుంటాడు, కనుకనే ఈ సెలవు రోజు పొద్దున వెనక గదిలో, కాగిన ఇత్తడి గొట్టం ముందు నిలబడి, నానబెట్టిన పక్కబద్దను దాని మీద అటూ ఇటూ జరుపుతూ, ఐదో గిటారుకు నడుమొంపు తిరగడానికి ఆ బద్ద ఒప్పుకునే క్షణం కోసం అరచేతులతో కాచుకుంటూ కూడా, పరిశీలకుడి చూపు మాత్రం గోడకు వేలాడుతున్న నాలుగో గిటారును వదలడం లేదు, ఎందుకు వదులుతుంది, దాని పైపలక మీద, నాదరంధ్రానికి పైఅంచున, కిటికీ వెలుగు ఏటవాలుగా పడితే తప్ప కనబడని గీతలున్నాయి, సన్నవి, వంపు తిరిగినవి, ఒకదాని మీదొకటి పడినవి, గోటిగీతలు, ఆ లక్కపూత ఆయన స్వహస్తాలతో గుడ్డముద్ద పట్టి పొర మీద పొర వేసినది, ఊపిరి గట్టిగా వదిలితే ఎక్కడ మసకబారుతుందోనని బెదురుతూ వేసినది, దాని మీద గోరా, ఎవరి గోరు, ఒకప్పుడు బట్టలుతికే గదిగా బతికి తన పాలనలో వాద్యశిల్ప సామ్రాజ్యంగా ఎదిగిన ఈ గదిలో, ఎవరూ దేన్నీ ముట్టుకోరాదన్న ఏకైక శాసనం మొదటి గిటారునాడే వెలువడింది, శిలాఫలకం ఖర్చు లేకుండా వంటింటి గుమ్మంలో నిలబడి నోటితోనే ప్రకటించాడు, భార్య సరేనండీ అంది, ఆ సరేనండీ అన్న తీరు అప్పట్లో ఆయనకెంతో నచ్చింది, ఇప్పుడు తలుచుకుంటే, అంత త్వరగా ఎవరైనా ఎందుకు సరేనంటారు.

తాను మాత్రం వాయించడు, రాదు, రాదని ఒప్పుకోవడానికి బిడియమూ లేదు, గుర్రాలను పెంచేవాడు పందెంలో తానే పరిగెత్తాలని ఎక్కడుంది, దేవదారు పలకను చిత్రిక పట్టి పట్టి పలచన చేస్తూ, వేలిముడితో తట్టి చెవి ఆనించి వినడం వరకే ఆయన సంగీతం, ఆ తట్టుడుకు మొదటి మూడూ మూసిన తలుపుల్లా పలికితే నాలుగోది మాత్రం లోపల ఎవరో ఉండి బదులిచ్చినట్టు పలికింది, ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు, సంతోషమని ఎవరికీ చెప్పలేదు, అజీర్ణమన్నాడు, తీగలు బిగించి, శ్రుతి సరిచూసి గోడకెక్కించాక దండం పెట్టడమొక్కటే తక్కువ, అలాంటిదాని మీద గీతలు, పోనీ గీతలుంటే ఉన్నాయి, అవి ఉండవలసిన చోట లేవు, అసలు గుట్టంతా అక్కడుంది, అందరిలా కుడిచేత్తో మీటేవాడి గోళ్లు నాదరంధ్రానికి కింద, సన్నతీగల వైపు గీసుకుంటాయి, ఇవి పైన, లావుతీగల వైపున్నాయి, అంటే వాయించినవాడు గిటారును తిరగేసి, మెడ కుడిపక్కకు వచ్చేలా పట్టుకున్నాడు, ఈ సిద్ధాంతాన్ని నిగ్గు తేల్చడానికి మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు పడకగది అద్దం ముందు నిలబడి తానే అలా పట్టుకుని చూశాడు, చొక్కా వెనకాముందూ చేసి తొడుక్కున్నట్టు అనిపించింది గాని ఎడమచేతి గోరు మాత్రం తిన్నగా వెళ్లి ఆ గీతల మీదే వాలింది, కనుక ముద్దాయి పుర్రచేతివాడు, పుర్రచేతివాడి కోసం లోకమంతా గాలించనక్కర్లేదు, భార్య తమ్ముడున్నాడు, పళ్ల డాక్టరు, చెంచా ఎడమచేత్తో పట్టేవాడు, రోగి నోట్లో ఎడమచేత్తో మర తిప్పేవాడు, తన ఆసుపత్రిలో కుర్చీ, దీపం, పనిముట్ల పళ్లెం అన్నీ తిరగేసి అమర్చుకున్నవాడు, పైగా ఆ మధ్య వీళ్లు ఊరెళ్లినప్పుడు మొక్కలకు నీళ్లు పోస్తానని తీసుకున్న తాళంచెవిని ఇప్పటికీ తిరిగివ్వనివాడు, అంతకుముందెప్పుడో ఉలి అడిగి పట్టుకెళ్లి, అంచు విరగ్గొట్టి తెచ్చి, పన్ను కొంచెం పుచ్చింది బావా అన్నవాడు, అటువంటివాడికి అసాధ్యమేముంది.

బావమరిదైతే బావమరిది, బావమరుదులన్నాక ఏదో ఒకటి పాడుచేస్తారు, అది బంధుత్వంలోనే ఉంది, కడుపులో ముల్లులా కదులుతున్నది అది కాదు, భార్య కళ్లద్దాల దుకాణంలో ఒంటిపూట పని ముగించుకుని మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరుతుంది, సాయంత్రం ఆయన వచ్చేదాకా ఇంట్లోనే ఉంటుంది, ఆమెకు తెలియకుండా ఈ గదిలోకి దోమైనా దూరదు, తెలిసి కూడా చెప్పలేదంటే, ఈ ఇంట్లో ఆయన లేని పూటలకు వేరే రాజ్యం నడుస్తోందన్నమాట, అందులో తానొక్కడే పరాయివాడన్నమాట, పోయిన వారం మాటల మధ్య మాటగా వల విసిరాడు, మధ్యాహ్నాలు ఎవరైనా వస్తుంటారా అని, ఎవరొస్తారండీ, గాలి వస్తుంది, వెళ్లిపోతుంది అంది, అంటున్నంతసేపూ ఆరిపోయిన గ్లాసునే తుడుస్తూ ఉంది, తడిలేని గ్లాసును తుడిచేవాళ్లను ఆయన వృత్తిరీత్యా ఎందరినో చూశాడు, వాళ్ల దుకాణాలు తగలబడే ముందే సరుకు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడికి బీమాలో అనుభవం లేదు గనక అలా అన్నారు, ఈయనకుంది, అందుకే బల్ల సొరుగులో పొట్లం విప్పని కొత్త తాళం సిద్ధంగా ఉంది, నేరం రుజువైన మరుక్షణం ఈ తలుపుకెక్కుతుంది, బావమరిది నుంచి ఇంటి తాళంచెవి వెనక్కి వస్తుంది, ఆ తరువాత, ఆ తరువాత ఏమిటో, ఒకే కప్పు కింద ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదని తాళం వేసి మరీ చాటుకున్నాక ఇద్దరు మనుషులు మర్నాడు పొద్దున ఎదురెదురుగా కూర్చుని కాఫీ ఎలా తాగుతారో, అక్కడిదాకా వచ్చేసరికి ఆయన ఆలోచన గొంతు సవరించుకుని వేరే సందులోకి తప్పుకుంటోంది, గంట మోగింది, వచ్చాడు, అక్కా ఆకలి అంటూ సరాసరి వంటింట్లోకే వెళ్లాడు, గిన్నె మూత తీసిన చప్పుడు, చేయి మీద చిన్న దెబ్బ పడిన చప్పుడు, ఆ తరువాత గొంతులు తగ్గాయి, ఎందుకు తగ్గాలి, కూర గురించి గుసగుసలాడే మనుషులు ఎక్కడైనా ఉంటారా, బావకింకా చెప్పలేదా అని వాడు అడగడం స్పష్టంగా వినిపించింది, ఏమిటి చెప్పలేదు, ఆమె ఏదో అంది, ఇద్దరూ నవ్వారు, పరిశీలకుడు చెవిని తలుపు వైపు సాచాడు, చెవి వెంట మెడ, మెడ వెంట భుజం, భుజం వెంట చేయి సాగాయి, టప్పుమని చిన్న చప్పుడు, అంతే, సరిగ్గా నడుమొంపు దగ్గర బద్ద పేడులేచి విరిగింది, తడిచెక్కను తొందరపెట్టరాదని, చేతుల్లో వంగుతున్నదాన్ని తప్ప ఇంకో దాన్ని వినరాదని తెలిసినవాడి చేతుల్లోనే విరిగింది, దీని పాపం కూడా ఆ పళ్లడాక్టరు ఖాతాలోనే రాసి ఆయన గొట్టం కింది మంట ఆర్పేశాడు.

భోజనాల బల్ల దగ్గర న్యాయస్థానం కొలువుతీరింది, కొలువుతీరిన సంగతి న్యాయమూర్తికి తప్ప ఎవరికీ తెలియదు, బావమరిది ఎడమచేత్తో చెంచా తిప్పుతూ, ఎవరో రోగి కట్టుడుపళ్లు ఊడదీసి గ్లాసులో వేసి మరిచిపోయిన కథ చెబుతున్నాడు, ఆయన నవ్వలేదు, ఆయన వాడి కుడిచేతిని చూస్తున్నాడు, ఎడమచేత్తో మీటేవాడు కుడిచేతి వేళ్లతో తీగలు నొక్కాలి, నొక్కినవాడి వేళ్లకొనలు కాయలు కాయాలి, ఆ కుడిచెయ్యి ఇటు పెట్టు డాక్టరూ అన్నాడు, జాతకం చూస్తావా బావా అని వాడు సంబరంగా చేయి చాపాడు, వేళ్లు తిప్పి నొక్కి చూస్తే పసిపిల్లవాడి వేళ్లలా మెత్తగా, రోజంతా రబ్బరు తొడుగుల్లో నాని నాని ముడుతలు పడి, ఒక్క కాయ లేదు, ఇది సాక్ష్యం చాలని కేసు గాని నేరం లేని కేసు కాదు, ఆయన తగ్గలేదు, తగ్గడం ఆయన ఉద్యోగంలో లేదు, నా నాలుగో గిటారును వాయిస్తున్నది నువ్వేనని నాకు తెలుసు, తాళంచెవి నీ దగ్గరుంది, పుర్రచేయి నీది, మీ అక్కకూ తెలుసు అన్నాడు, చివరి మాట అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది, చెంచా ఆగింది, గిటారా, నేనా, నేను ఈలవేస్తేనే రోగులు మత్తుమందు అడుగుతారు బావా అని వాడు నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకుని, అక్క వైపు చూసి, మెల్లగా అన్నాడు, పుర్రచేయి నా ఒక్కడిదే అనుకుంటున్నావా, మా ఇంట్లో ఇద్దరం, నేను ఆఖరివాణ్ణని వదిలేశారు గాని, అక్క చేత కుడిచేత్తో రాయించేదాకా నాన్న స్కేలు కింద పెట్టలేదు, ఆమె వాణ్ణి వారించలేదు, నువ్వు తినరా చల్లారిపోతుంది అంది.

తాను తినడం ముగించి, చేయి కడుక్కుని వచ్చి, ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది, పెట్టడంలో నాటకమేమీ లేదు, కొలతకు వచ్చినవాళ్ల ముందు కళ్లద్దాలు పెట్టినంత మామూలుగా పెట్టింది, కుడిచేతి నాలుగు వేళ్ల కొనలూ గట్టిపడి, పసుపుపచ్చగా, మెరుస్తూ, ఎడమచేతి గోళ్లు ఒద్దికగా పెంచి గుండ్రంగా అరగదీసి, ఎన్నేళ్లుగానో తన ముందు పళ్లెం పెట్టిన చేతులు, జ్వరమొస్తే నుదుటి మీద ఆనిన చేతులు, ఆ మధ్య అలా ఆనినప్పుడే కదా ఏదో గరుకుగా తగిలిందని అనుకున్నాడు, తన నుదుటి చర్మం పొడిబారిందని మందు కూడా రాసుకున్నాడు, నేనేనండీ అంది, ముట్టుకోవద్దన్నాను కదా అన్నాడు, అన్నది ఆయన కాదు, ఆయనలోని శాసనకర్త, ఆ శాసనకర్త గొంతు ఎందుకో పీలగా ఉంది, అన్నారు, కుడిచేయి వింది, సరేనండీ అంది, ఎడమచేతికి ఎవరూ ఎప్పుడూ ఏమీ చెప్పరు కదండీ, కొట్టడమే గాని, అంది, బావమరిది పళ్లెంలోకి చూస్తూ తింటున్నాడు, ఎవరు నేర్పారంటే ఫోన్లో చూసి నేర్చుకున్నానంది, వాయించేవాళ్లు ఎదురుగా కూర్చుంటారు గనక అద్దంలో తనను తాను చూసుకున్నట్టు ఉంటుందట, తీగలు తిరగేసి ఉన్నా వేళ్లే సర్దుకున్నాయట, సర్దుకోవడం ఆ వేళ్లకు కొత్త కాదట, నాలుగోదే ఎందుకని అడిగాడు, ఈ ప్రశ్నతో కేసుకు సంబంధం లేదని తెలిసే అడిగాడు, మిగతా మూడూ మూగవండీ, ఇదొక్కటే పలుకుతుంది, లావుతీగ మీటితే కడుపులోకి వస్తుంది అంది, లోకంలో ఆయన గిటారు గురించి ఎవరైనా చెప్పిన మొదటి మాట అది, చెప్పింది ముద్దాయి, కళ్లు చెమ్మగిల్లబోతే దగ్గి కూర కారమన్నాడు, కారమేమీ లేదు.

మరి నేనెప్పుడూ వినలేదే, అన్నాడు చివరికి, అడ్డుప్రశ్న వేయడం మానని పాత అలవాటు కొద్దీ అన్నాడు, సెలవులప్పుడైనా, సాయంత్రాలైనా ఒక్కసారన్నా వినబడాలిగా, మీరుంటే తీయనండీ, మీ బండి మలుపు తిరిగిన చప్పుడు వినగానే ఆపేస్తాను, గోడకు తగిలించి ముఖం కడుక్కునేసరికి మీరు గేటు తీస్తారు, అంది, పొయ్యి కట్టేయడం గురించి చెప్పినట్టే చెప్పింది, ఫిర్యాదు లేదు, క్షమాపణా లేదు, లేచి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది, తమ్ముడు గ్లాసులు పట్టుకుని వెనకాలే వెళ్లాడు, కుళాయి నీళ్ల చప్పుడు మొదలైంది, పరిశీలకుడు ఖాళీ బల్ల ముందు ఒక్కడే కూర్చుని, దర్యాప్తు ముగిసిన చోట ఎప్పుడూ చేసేట్టుగా జరిగినదాన్ని వెనక నుంచి ముందుకు నడిపించుకున్నాడు, గేటు తీయడం, బూట్లు విప్పడం, గుమ్మంలో కాలు పెట్టగానే ఎదురొచ్చే ఆ చల్లటి నిశ్శబ్దం, ఆఫీసులో ఎంతమంది దగ్గర గొప్పలు పోయాడు దాని గురించి, మీ ఇళ్లలో టీవీలు మొత్తుకుంటాయి, అత్తాకోడళ్లు మొత్తుకుంటారు, నా ఇంట్లో అడుగుపెడితే సూది పడినా వినిపిస్తుంది అని, గృహస్థాశ్రమాన్ని తీర్చిదిద్దిన తన ప్రతిభకు అది బిరుదని, దాన్ని ఓ క్షణం గుమ్మంలోనే నిలబడి, కళ్లు మూసుకుని, పండిత సత్కారం అందుకున్నట్టు అందుకునేవాడు, అప్పుడు గోడ మీద తీగలు ఇంకా సన్నగా వణుకుతూ ఉండి ఉంటాయి, సగం పాట ఆమె వేళ్లలోనే ఉండి ఉంటుంది, తువ్వాలు అందిస్తూ, ఎలా ఉన్నారండీ ఇవాళ అని అడుగుతూ ఉండి ఉంటుంది, ఆ నిశ్శబ్దం ఈ ఇంటిది కాదు, ఈ ఇల్లు మధ్యాహ్నమంతా పలుకుతూనే ఉంది, సాయంత్రమయ్యేసరికి ఆ నిశ్శబ్దాన్ని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో దించుతున్నది తానే.