క్లిప్పు తీసినా మారని అంకె

అక్క మంచం పక్కన గోడకు బిగించిన చిన్న పెట్టె మీద రెండే అంకెలు. పైన రక్తంలో ఆక్సిజన్ తొంభై ఎనిమిది, కింద నాడి డెబ్బై ఆరు. కడుపు ఆపరేషన్ అయి రెండు గంటలైంది. నొప్పి తెలియకుండా ఇచ్చిన మందుకు అక్క గాఢంగా నిద్రపోతోంది. బావ మాత్రం ఆ అంకెలు చూసి తెగ మురిసిపోతున్నాడు.

"చూశావా బామ్మర్దీ! కూర్చున్నప్పట్నుంచీ ఒక్క అంకె కదిలితే ఒట్టు. మీ అక్క మొండితనం గుండెక్కూడా వచ్చినట్టుంది."

తమ్ముడు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బతికున్న మనిషి నాడి పది నిమిషాలు ఒకే అంకె మీద నిలబడుతుందా? ఒకటో రెండో పెరుగుతూ తగ్గుతూ ఉండాల్సిందే. ఆ సంగతి నర్సులకూ తెలుసు. అది ఎందుకు నిలబడిపోతుందో మాత్రం ఆ వార్డు మొత్తంలో అతనొక్కడికే తెలుసు. ఆ పెట్టెలోపల అంకెలు చదివే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, రాసింది అతనే.

బావ అతన్ని "స్టీరింగు లేని డ్రైవరు" అని ఏడిపిస్తుంటాడు గానీ, అదేం ఆషామాషీ పని కాదు. వేలికి పెట్టిన క్లిప్పు పంపేదాన్ని ఒక చిప్పు లెక్కకడుతుంది. ఆ లెక్క బస్ అనే తీగల దారిలో ప్రధాన చిప్పుకు చేరాలి. దారి తెగితే, చదవబోయిన డ్రైవర్‌కు అంకె రాదు, ఎర్రర్ వస్తుంది. అప్పుడు తెర మీద అంకెకు బదులు గీతలు పెట్టి అలారం మోగించాలి. మొదట అతను అలాగే రాశాడు. కానీ పరీక్షలప్పుడు తీగ కాస్త కదిలినా అలారం మోగి అందరి ప్రాణాలూ తోడేసింది. "ఓ క్షణం పాత అంకె చూపించి మళ్లీ చదవవయ్యా, కొంపలేం మునగవు," అన్నాడు మేనేజరు. సరేనని రాసేశాడు మహానుభావుడు. ఎన్నిసార్లు చదవాలి, ఎప్పుడు చాలించాలి అని హద్దు మాత్రం పెట్టలేదు. దారి పూర్తిగా తెగితే ఆ పాత అంకే అలా ఉండిపోతుంది. రేపు పెడదామనుకున్నాడు. ఆ రేపు రాకముందే పెట్టెలు ఆసుపత్రులకు వెళ్లిపోయాయి.

నా భ్రమే అయ్యుండాలి, అయ్యుండాలి అనుకుంటూ అక్క వేలికున్న క్లిప్పు తీశాడు.

"ఒరేయ్, ఏంట్రా ఆ పని? పెట్టు ముందు!" బావ లేచాడు.

తమ్ముడికి వినపడలేదు. క్లిప్పు అతని చేతిలో ఉంది. తెర మీద తొంభై ఎనిమిది. డెబ్బై ఆరు.

అప్పుడు చూశాడు అక్క ముఖం వైపు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"సిస్టర్!" గొంతు చించుకుని అరిచాడు.

నర్సు విసుక్కుంటూ వచ్చింది. "ఎందుకండీ ఆ కేకలు? నంబర్లు బాగానే ఉన్నాయిగా!"

"అవి పాతవండీ! ఇదిగో, క్లిప్పు నా చేతిలో ఉంది!"

నర్సు ముఖంలో రంగు మారింది. జేబులోంచి ఆక్సిజన్ కొలిచే చేతి మీటరు తీసి అక్క వేలికి తగిలించింది. అరవై తొమ్మిది. ఆ తర్వాత మాస్కు, ఆక్సిజన్, పరుగున వచ్చిన డాక్టరు, నొప్పి మందు ఎక్కువై ఊపిరి మందగించిందంటూ ఇచ్చిన సూదిమందు. తమ్ముడు గోడకు అతుక్కుపోయి చేతి మీటరునే చూస్తున్నాడు. డెబ్బై నాలుగు. డెబ్బై మూడు. ఎనభై ఒకటి. తొంభై. అక్క చిన్నగా మూలిగింది. ఆ మూలుగుతో అతనికి ప్రాణం లేచొచ్చింది.

బావ అతని రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు. "నువ్వు లేకపోతే నా గతేంట్రా! నీ రుణం ఎలా తీర్చుకోను?"

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి తన మీద అసహ్యం వేసింది.

"బావా, పాత అంకె చూపించమని రాసింది నేనే."

బావ అతని చేతులు నెమ్మదిగా వదిలేశాడు.

"ఈ వార్డులో ఇలాంటి పెట్టెలు పధ్నాలుగున్నాయి," అంది నర్సు గొంతు తగ్గించి.

ఎదుటి మంచం పక్కన కూర్చున్న ముసలమ్మ ఇటు తిరిగి ధైర్యం చెప్పబోయింది. "మీ అక్కకూ తగ్గిపోతుందిలే నాయనా. మా ఆయన్ని చూడు, ఇందాకట్నుంచీ తొంభై ఏడే. ఒక్కసారీ కదల్లేదు."

తమ్ముడు ఆ మంచం వైపు పరుగెత్తాడు.