దేవుడి కోసం దాచిన చెక్క

వడ్రంగి భార్యకు ఒక సవతి ఉంది. ఈ మాట ఆవిడే అందరికీ చెప్పేది, దాచుకునే సంగతేం కాదు. ఆ సవతి కొట్లో వెనక గోడకు ఆనుకుని, ఇటుకల మీద నిలబడి, పాత దుప్పటి కప్పుకుని ఉండేది. మనిషి కంటే పొడుగు, మూరెడు వెడల్పు, బెత్తెడు మందం. ఎక్కడా ఒక్క ముడి గానీ పగులు గానీ లేని టేకు చెక్క.

"అందరికీ సవతిని మొగుడు తెస్తాడు. నాకు మా నాన్నే ఇచ్చిపోయాడు," అని నవ్వేది ఆవిడ.

అదీ నిజమే. ఆవిడ తండ్రి కూడా వడ్రంగే. అల్లుడికి ఉలి పట్టడం నేర్పిన గురువు కూడా ఆయనే. మంచాన పడ్డాక ఒకరోజు అల్లుణ్ణి పిలిచి, ఆ చెక్క చూపించి, "దీనితో దేవుడు మెచ్చే పని ఒకటి చెయ్యి" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. దేవుడు మెచ్చే పని అంటే చర్చికి పుల్పిట్టు, అదే పాస్టరు నిలబడి ప్రసంగం చేసే పీఠం, చెయ్యడమేనని వడ్రంగి అప్పటికప్పుడే తేల్చేసుకున్నాడు. పాస్టరుగారికి మాట కూడా ఇచ్చేశాడు.

మాటైతే ఇచ్చాడు గానీ రంపం పెట్టడానికి చెయ్యి రావాలిగా. మొదట, చెక్క ఇంకా ఆరాలన్నాడు. తర్వాత, తగిన నమూనా దొరకలేదన్నాడు. చివరికి నమూనా దొరికింది. ప్రభువు ఒక ఇంటి ముందు నిలబడి తలుపు తడుతున్న బొమ్మ. దాన్ని సుద్దముక్కతో చెక్క మీద గీసుకునేవాడు, నచ్చక చెరిపేవాడు, మళ్ళీ గీసేవాడు. ఈలోగా ఆ పాస్టరుగారు బదిలీ అయ్యారు. తర్వాత వచ్చినాయన కొన్నాళ్ళు అడిగి ఊరుకున్నారు. ఇప్పుడున్నాయన ఆ పుల్పిట్టు సంగతిని సంఘంలో అందరూ నవ్వుకునే మాట అనుకుంటున్నారు. ఆయన ప్రసంగం చేసే బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద అట్టముక్క మడిచి పెట్టి, బైబిలు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని వాక్యం చెబుతారు.

"ప్రభువుకి అలా నిలబడి నిలబడి కాళ్ళు పీకి ఉంటాయయ్యా. ఇక చెక్కరాదూ?" అనేది భార్య.

"నీకేం తెలుసు! ఇది దేవుడి సొత్తు. తొందరపడితే ఎలా?" అనేవాడు.

కొట్లో తయారైన ప్రతి సామానుకూ పాలిష్ పట్టేది ఆవిడే. ఆ చెక్కను మాత్రం గుడ్డ పెట్టి తుడవడానిక్కూడా ఆవిడకి అనుమతి లేదు. ఒకసారి మేడలు కట్టించే ఆసామి ఒకడు దుప్పటి ఎత్తి చూసి, నువ్వెంతంటే అంత ఇస్తానన్నాడు. వడ్రంగి అతన్ని గుమ్మం దాకా సాగనంపి మరీ వచ్చాడు. ఆ ముచ్చట ప్రతి ఏడూ చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యంగా చెప్పేవాడు. "లోకసంపద నా కళ్ళముందుకొచ్చి నిలబడింది, నేను తలెత్తి చూడలేదు" అనే చోట గొంతు వణికేది. సరిగ్గా అక్కడికి రాగానే ఆడవాళ్ళ వైపు నుంచి భార్య దగ్గు వినిపించేది. మనిషి చెడ్డవాడేం కాదు పాపం. డబ్బు మీద ఆశ లేదు, అది నిజం. ఆశంతా ఆ దుప్పటి కిందే ఉందని మాత్రం ఆయనకి తెలీదు.

ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. అదే వీధిలో ఇస్త్రీ చేసుకుని బతికే అమ్మాయి ఒకతె ఉంది. ముందుగదిలో బల్ల, పెట్టె, బట్టల మూటలు, వెనకగదిలో ముసలి తల్లి. ఆ తల్లి ఒకప్పుడు చర్చిలో అందరికంటే పైకి పాడేది. ఇప్పుడు అన్నీ మరిచిపోయింది. కన్నకూతుర్ని పట్టుకుని "నువ్వెవరమ్మాయివి?" అంటుంది. అయినా పాట ఎత్తుకుంటే ఒక్క చరణం తప్పదు, ప్రార్థనకి కూర్చుంటే ఒక్క మాట తడబడదు. వీలు దొరికితే వీధిలోకి వెళ్ళిపోతుంది. పుట్టింటికి పోతున్నానంటుంది. ఆ పుట్టిల్లు ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

వానలకి వాళ్ళ వీధితలుపు పుచ్చి ఊడిపోయింది. ఇస్త్రీ అమ్మాయి తడుస్తూ వడ్రంగి కొట్టుకి వచ్చింది.

"బాబాయ్, ఏదో ఒక తలుపు పెట్టి పుణ్యం కట్టుకో. అమ్మతో నా వల్ల కావట్లేదు. ఇస్త్రీ చేస్తూ అటు తిరిగితే చాలు, మాయమైపోతోంది."

ఊళ్ళో కలప అడితిలన్నీ నీళ్ళలో ఉన్నాయి. దొరికిందల్లా పచ్చికర్ర. దానితోనే ఒక్కరోజులో తలుపు చేసి పెట్టాడు వడ్రంగి. పనిలో ఉండగా భార్య ఒకసారి వెనక గోడ వైపు చూసింది.

"ఎండిన చెక్క ఇంట్లో పెట్టుకుని..."

"అది దేవుడిది," అన్నాడు ఆయన, తలెత్తకుండానే.

పచ్చికర్ర తన బుద్ధి చూపించింది. వారం తిరక్కుండానే తలుపు వంకరపోయి, గడియ కొక్కేనికి అందకుండా అయింది. వెళ్ళి చిత్రిక పట్టి వచ్చాడు. మళ్ళీ వంకరపోయింది. అమ్మాయి తాడు కట్టుకుంది. తల్లి అన్నీ మరిచిపోయింది గానీ ముడి విప్పడం మరిచిపోలేదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చింది. "బాబాయ్, అమ్మ లేదు! ఎంతసేపైందో కూడా తెలీదు!"

వీధి వీధంతా కదిలింది. భార్య, ఇస్త్రీ అమ్మాయి చర్చి వైపు వెళ్ళారు. వడ్రంగి పెద్దరోడ్డు వైపు వెళ్ళాడు. వాన ఎడతెగకుండా కురుస్తోంది. బస్సులు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. ప్రతి బస్సు చక్రం వైపూ చూశాడాయన. తను పెట్టిన తలుపు, తను బిగించిన గడియ. మొదటిసారి పెట్టినప్పుడే ఇది నిలిచేది కాదని తనకి తెలుసు.

"ప్రభువా, ఆ తల్లికి ఏమీ కాకుండా చూడు," అని నడుస్తూనే ప్రార్థించాడు. "ఈ నెలలోనే నీ పుల్పిట్టు పూర్తిచేస్తాను. ఇక ఆలస్యం చెయ్యను." పైకి అనేశాక తనకే సిగ్గేసింది. బేరమాడుతున్నట్టుంది. పైగా ఎప్పుడో ఇచ్చేసిన దాన్నే మళ్ళీ ఇస్తానంటున్నాడు.

రోడ్డు చివరిదాకా వెతికి, సైకిలు తీసుకుని ఇంకా దూరం వెళ్దామని కొట్టుకి తిరిగొచ్చాడు. లోపల అడుగు పెట్టబోతుంటే ఎవరో తలుపు తడుతున్న చప్పుడు వినిపించింది. కొట్టుకి అసలు తలుపే లేదు, పొద్దున్నే రేకు పైకెత్తేస్తాడు. చప్పుడు లోపల వెనక గోడ దగ్గర్నుంచి వస్తోంది.

దుప్పటి నేల మీద పడి ఉంది. ముసలమ్మ ఆ టేకు చెక్క ముందు నిలబడి, పిడికిలితో మెల్లగా తడుతోంది. చీర అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. తడిచేతులకి సుద్దబొమ్మ సగం చెరిగిపోయింది.

"తియ్యమ్మా... తడిసిపోయాను... లోపల ఎవరూ లేరా?"

ఆగింది, చెవి ఆనించి విన్నది, మళ్ళీ తట్టింది. గొంతులో విసుగన్నది లేదు. ఎవరో ఒకరు తీస్తారన్న నమ్మకం ఉంది. వడ్రంగి ఉన్నచోటే ఆగిపోయాడు. ఎన్నేళ్ళుగానో తను గీసి చెరిపిన బొమ్మ కళ్ళముందు చలికి వణుకుతూ నిలబడి ఉంది.

ఆవిడ అలికిడికి వెనక్కి తిరిగింది. ఆయన కూడా నిలువునా తడిసి ఉన్నాడు. ఆ అవతారం చూసి జాలిపడింది.

"నువ్వూ బయటే ఉండిపోయావా నాయనా? దిగులు పడకు. తీస్తారులే. ఇలా రా, నా పక్కన నిలబడు."

వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ తడిచెయ్యి ఆయన తల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. "తండ్రీ, ఈ బిడ్డ ఎవరి బిడ్డో. ఇల్లు దొరకలేదు పాపం. నువ్వు చూసుకో," అని ప్రార్థన చేసి, ఆమేన్ అంది. పేరు తెలీదు, ఊరు తెలీదు, తన ఇల్లేదో తనకే తెలీదు. ఎవర్ని అడగాలో మాత్రం బాగా తెలుసు ఆవిడకి. తన సాక్ష్యాలన్నీ గుర్తొచ్చి వడ్రంగి పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

భార్యా, ఇస్త్రీ అమ్మాయీ వచ్చేసరికి ముసలమ్మ ఒక స్టూలు మీద కూర్చుని, ఆ పాత దుప్పటి కప్పుకుని, హాయిగా పాడుకుంటోంది. కూతురు తల్లిని వాటేసుకుని తిట్టింది, తిట్టి ఏడ్చింది. "ఎందుకమ్మాయ్ ఏడుస్తావు, మీ అమ్మ వస్తుందిలే" అని తల్లే ఓదార్చింది.

వడ్రంగి అప్పటికే టేకు చెక్కను పనిబల్ల మీద పడుకోబెట్టాడు. సుద్దబొమ్మ మిగతా సగం తనే చేత్తో తుడిచేశాడు. అంచున దారం పట్టి గీత గీసి, ఇద్దరు పట్టి లాగే పెద్దరంపం కిందికి దించాడు.

భార్య చూస్తూ నిలబడిపోయింది. దగ్గరికొచ్చి, మొదటిసారిగా ఆ చెక్క మీద చెయ్యి వేసింది. అది ఆవిడ తండ్రి చెయ్యి తగిలిన చెక్క.

"మరి పుల్పిట్టో?" అంది నెమ్మదిగా.

"పాస్టరుగారి బల్లకి కాలు పొట్టి, అంతేగా. అతుకు వేస్తే సరిపోతుంది. అరగంట పని." ఆయన తల దించుకున్నాడు. "ఆ అరగంట పని కూడా ఇన్నేళ్ళూ చెయ్యలేదే. పుల్పిట్టు వస్తోంది కదా అని."

ఆవిడ కొంగు నడుముకి బిగించి, రంపం రెండో కొస పట్టుకుంది.

టేకు అంత సులువుగా లొంగే రకం కాదు. చీకటి పడేదాకా కోశారు, మర్నాడు వేకువనే లేచి మళ్ళీ కోశారు. తల్లీకూతుళ్ళను తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. ముసలమ్మ స్టూలు మీద కూర్చుని పాడుతుంటే, ఆ పాట లయకి రంపం తనంతట తనే వచ్చి కలిసింది. కొట్టంతా కొత్తపొట్టు వాసన. ఇద్దరి చేతులూ బొబ్బలెక్కాయి. చివరికి చెక్క మందంలో సరిగ్గా మధ్యకి చీలి, అంతే వెడల్పున్న రెండు పలకలుగా విడిపోయింది. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెడితే, ఈ చెక్కలోని చారలు ఆ చెక్కలోకి నడిచి వెళ్ళినట్టు కలిశాయి. విప్పి పెట్టిన బైబిల్లో ఎదురెదురు పేజీల్లా ఉన్నాయి. లోపల ఇంత అందం ఉందని ఇన్నేళ్ళు కాపలా కాసినవాడికే తెలీదు.

"మా నాన్న చూడలేదయ్యా ఇది," అంది భార్య. కళ్ళు తుడుచుకుని, పాలిష్ గుడ్డ అందుకుంది. ఈసారి ఆయన వద్దనలేదు.

సాయంత్రానికి తలుపు గుమ్మానికి ఎక్కింది. గడియ ముసలమ్మ చేతికి అందనంత ఎత్తులో, కూతురి చేతికి అందేంత దూరంలో బిగించాడు. మూసి చూస్తే వెలుతురు జారే సందు కూడా లేదు. ఇస్త్రీ అమ్మాయి తలుపుని తడిమి తడిమి చూసింది.

"బాబాయ్, ఇది చర్చికని దాచిందట కదా. మాకెందుకు పెట్టావు? మేమేం ఇచ్చుకోగలం?"

"చర్చికి కాదమ్మా, దేవుడికని దాచింది. ఆయనే వచ్చి తట్టి అడిగాడు."

భార్యాభర్తలు గుమ్మం దిగారు. లోపల అమ్మాయి తలుపు వేసింది. ఒక్క చప్పుడుతో గడియ పడింది. వాన వెలిసింది, చూరు నుంచి చుక్కలు రాలుతున్నాయి.

"మొత్తానికి నా సవతిని అత్తారింటికి పంపించేశావు," అంది భార్య. నవ్వింది. "కొట్లో గోడ బోసిపోతుందేమో."

"పోనీ," అన్నాడు. కాలు కదపబోయి ఆగాడు. వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది! బయట నుంచి తడితే లోపలికి వినబడుతుందో లేదో చూడాలి. వెనక్కి వెళ్ళి వేళ్ళతో రెండుసార్లు తట్టాడు.

లోపల పాట ఆగింది. ముసలమ్మ గొంతు కంగారుగా వినిపించింది.

"అమ్మాయ్, తొందరగా తియ్యవే! పాపం ఆ బిడ్డ నిన్నటి నుంచీ బయటే నిలబడి ఉన్నాడు."

గడియ లేచింది. తలుపు ఏ చప్పుడూ లేకుండా తెరుచుకుంది.