కండక్టర్ గారి తడి వేలు

పెద్దవాళ్లకు టాబ్లెట్ నేర్పడంలో నాకు అడ్డొచ్చేది నా చెయ్యే. వాళ్లు కాస్త తడబడితే చాలు, లాక్కుని నేనే నొక్కేస్తాను. గ్రంథాలయం మేడ మీద గదిలో ఆ సోమవారం కూడా అదే పని చేశాను.

"బస్సు నడుస్తుంటే డ్రైవర్ చేతిలోంచి స్టీరింగ్ లాక్కుంటామా అమ్మా?" అన్నారు కండక్టర్ గారు.

రిటైరై పదేళ్లయిన ఆయనకు చూపు దాదాపు పోయింది. బుధవారం ఆయన భార్యకు గొంతు ఆపరేషన్. ఆ తర్వాత నెల్లాళ్లు ఆవిడ నోరు మెదపకూడదు. చెప్పాల్సింది టైపు చేసి పంపితే, టాబ్లెట్ ఈయనకు చదివి వినిపించాలి.

"మీ అమ్మాయి చదివిపెట్టదా?" అన్నాను.

"అది చదువుతుందని తెలిస్తే మా ఆవిడ 'బాగున్నాను' తప్ప ఇంకో ముక్క రాయదు. నాకా ముక్క చాలదు."

తెర మీద బొమ్మను ఒకసారి తాకితే దాని పేరు చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఆయన తడితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముప్పై ఏళ్లు టికెట్లు చింపిన అలవాటు కొద్దీ వేలు నాలుకకు ఆనించబోయారు.

"ఛీ, ఎంగిలి చెయ్యేంటండీ!" అని కసిరాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆయన పట్టు వదల్లేదు. ఆ పూట నలభైసార్లు తడితే మూడుసార్లు తెరుచుకుంది.

మంగళవారం జేబులోంచి చిన్న డబ్బా తీశారు. అందులో తడి స్పాంజి, పాత డ్యూటీ నాటిది. వేలు అద్దుకుని, చొక్కాకు ఓ మోస్తరుగా తుడుచుకుని తట్టారు. తెరుచుకుంది. మళ్లీ తట్టారు. మళ్లీ తెరుచుకుంది.

"ఇది ఎంగిలి కాదుగా?" అన్నారు.

వయసుకు ఎండిపోయిన వేలిని తెర ఒక్కోసారి గుర్తుపట్టదని, కాస్త చెమ్మ ఉంటే చాలని, ఇన్నేళ్లుగా నేర్పుతున్న నాకు తోచనే లేదు.

బుధవారం ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో తల్లి దగ్గర కూతురుంది. చూడనిచ్చేది సాయంత్రమే కాబట్టి గురువారం పొద్దున్నే ఈయన తరగతికొచ్చి కూర్చున్నారు.

పదకొండింటికి టాబ్లెట్ మోగింది. ముందుకు పోబోయిన చేతులు రెండూ ఒళ్లో బిగించుకున్నాను.

ఆయన ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వేలు తడుపుకుని, తట్టారు. విన్నారు. వెనక్కి జరిపి మళ్లీ విన్నారు. ముఖం వాడిపోయింది. మైకు బొమ్మ తనే వెతుక్కుని, తట్టి, నెమ్మదిగా చెప్పారు.

"అంత నొప్పిగా ఉందని అమ్మాయికి చెప్పలేదా? నాకే చెప్పావా? సరే. ఇంకా ఏమున్నా రాయి. నేనే చదువుతున్నా."