సవరమ్మ రాసిన చోటు

"స్టాంపు ధర ముఖం చూసి చెప్పరు చెల్లే, వీపు చూసి చెప్తరు," అన్నాడు రామ్‌చందర్, చిన్న పట్టకారుతో ఆల్బమ్‌లోని మొదటి స్టాంపు అంచు పట్టుకుని.

ఖమ్మంలో పాత నాణేలు, స్టాంపులు కొనే దుకాణం అతనిది. తబిత నాలుగింటికే లేచి, వండి, పిల్లలకు డబ్బాలు కట్టి, మొగుడు క్రాంతికుమార్ చొక్కా ఇస్త్రీ చేసి, అతనితో కలిసి భద్రాచలంలో మొదటి బస్సెక్కింది. మీ నాయిన ఇచ్చిన కాగితాలతోనన్నా కొత్త బండి రానీ అని క్రాంతికుమార్ దారంతా అంటూనే ఉన్నాడు.

నాయిన ఆదాము దుమ్ముగూడెం దిక్కు అడవి ఊళ్ళకు ముప్పై ఏళ్ళు ఉత్తరాలు మోసిన పోస్ట్‌మన్. మిషన్ దవాఖానా డాక్టర్లు తమకొచ్చిన విదేశీ కవర్లు ఇస్తే ఇంటికి తెచ్చేవాడు. ఎవరొచ్చినా ఆల్బమ్ తెరిచి నా కలెక్షన్ అని చూపించేవాడు. ఆ కవర్లను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, చిరగకుండా ఊడదీసి, బైబిలు పేజీల మధ్య ఆరబెట్టి, సన్నని కాగితపు పట్టీలతో ఆల్బమ్‌లో అతికించింది మాత్రం అమ్మ సవరమ్మ. ఆ సంగతి ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నిరుడు నాయిన కూడా పోతే ఆల్బమ్ తబితకు వచ్చింది.

రామ్‌చందర్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. అంచున రంపపు పళ్ళలాంటి వాటిలో ఒక్క పన్ను విరగలేదని, మీ నాయినకు ఎంత ఓపికోనని మెచ్చుకున్నాడు. స్టాంపు పైకెత్తగానే మొహం చిట్లించాడు.

"గిదేంది? ఎనక పెన్సిల్ రాతలున్నయి. గిట్లుంటే రేటు సగానికి పడతది."

ఇంకోటి ఎత్తాడు. దానికీ ఉంది. అన్నిటికీ ఉంది. తుడిస్తే పోతదంటూ రబ్బరు తీసి, ఒకదాని వీపు మెల్లగా రుద్ది, పొట్టు ఊదేశాడు.

"దాని మీద ఏముండె అన్నా?"

"సదవలే చెల్లే."

"మా ఆమె తుడుస్తది," అన్నాడు క్రాంతికుమార్. "ఇంట్ల ఊకెనే ఉంటది గద."

మర్నాడు అంట్లు తోమాక తబిత రబ్బరు పట్టుకుని కూర్చుంది. అమ్మకు రాయడం వచ్చు. కానీ ఆమె రాస్తుండగా తబిత ఏనాడూ చూడలేదు. కాగితం ముట్టుకుంటే చాలు, ఎవరికి రాస్తున్నవని నాయిన అడిగేవాడు. ఆ ఇంట్లో ఆయన తిప్పి చూడని కాగితం ఈ స్టాంపొక్కటే. గోరంత చోటు. రెండు మూడు ముక్కలకు మించి పట్టవు.

జ్వరం. వండిన.

సెల్లె పెండ్లి. పంపలే. వండిన.

రెండోది కడుపులనే పోయింది. ఉప్పెక్కువైంది. మల్ల వండిన.

తబిత రబ్బరు పక్కన పెట్టేసింది. అప్పుడు తనకు ఆరేళ్ళు. ఆ రోజు కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేసింది. నాయిన నవ్వి, మీ అమ్మ ధ్యాస ఎక్కడుందో అన్నాడు. అమ్మ వేరే కూర చేసింది. ఇన్నేళ్ళూ తబితకు గుర్తున్నది ఉప్పే. అమ్మ గోడ పట్టుకుని నడవడం ఇప్పుడు గుర్తొస్తోంది. నొప్పితో నిలబడి వండిన కూర తను రెండుసార్లు పెట్టించుకుని తిన్నది. ఏడుద్దామంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది. లేచి పొయ్యి ముట్టించింది.

తుడిచినవా అని క్రాంతికుమార్ మూడు రోజులూ అడిగాడు. ఆదివారం కానీయండి అంది.

ఆదివారం నాయిన సంవత్సరీకపు జ్ఞాపకార్థ కూడిక. ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పారు. ఆదాము భక్తిపరుడని, ఇంట్లో గొంతు పెంచి ఎరగడని, ఆ ఆల్బమ్ చూస్తేనే ఆయన ఓపిక తెలుస్తుందని. చివరికి పాస్టరుగారు కూతుర్ని పిలిచారు.

తబిత ఆల్బమ్ పట్టుకుని లేచింది. మొగవాళ్ళ వైపు నుంచి క్రాంతికుమార్ కళ్ళతోనే కూర్చోమన్నాడు.

"నాయిన మీకు ముందు దిక్కు చూపించిండు," అంది. "ఎనక దిక్కు మా అమ్మ సాక్ష్యం ఉంది. అది చదువుత."

చదవసాగింది. మొదటి పేజీ అయ్యేసరికి విసనకర్రల చప్పుడు ఆగిపోయింది. ఆడవాళ్ళ చాపల మీద ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, భోజనాల వేళైందమ్మా, చాలన్నారు.

"ఇంకా పదకొండు పేజీలున్నయి పాస్టరుగారూ," అని తబిత పేజీ తిప్పింది.